రెండు కుప్పల మధ్య గీత

ఆత్మకూరు
12 సెప్టెంబరు 2024

చెంచులక్ష్మత్తకు సుకుమారి నమస్కారాలు.

ఇన్నేళ్ళ తర్వాత ఈ పిల్ల ఉత్తరం రాయడమేమిటని ఆశ్చర్యపోతున్నావేమో. నీకు చెవులు పూర్తిగా పోయాయనీ, ఫోను కొనిస్తే బియ్యం డబ్బాలో పడేశావనీ, కాగితం మీద రాస్తే మాత్రం కళ్ళజోడు వెతుక్కుని మరీ చదువుతావనీ నాన్న చెప్పాడు. అందుకే రాస్తున్నాను.

నేను బెంగుళూరులో లేనత్తా. వేసవి నుంచి ఆత్మకూరులోనే ఉన్నాను. మా కంపెనీవాళ్ళు ఒకే రోజు రెండంతస్తుల మనుషుల్ని ఇంటికి పంపేశారు. అందులో నేనొకదాన్ని. నెల్లూరులో నాన్న దగ్గరుంటే వచ్చేపోయేవాళ్ళు ‘ఇంకా సెలవులేనా అమ్మాయ్’ అని అడుగుతారు. జవాబు చెప్పలేక ఇక్కడ బస్టాండు ఎదురుగా, జిరాక్సు షాపు పైన గది తీసుకున్నాను. కింద హారన్లు, పైన రేకుల వేడి. నన్నెవరూ ఎరగరు, అదొక్కటే సుఖం.

ఊరికే కూర్చోలేదు. సరదాగా కొండలెక్కేవాళ్ళ కోసం ఒక యాప్ చేస్తున్నాను. పేరు ‘కొండతోడు’. ఫోనులో కొండ బొమ్మ కనబడుతుంది. మనం ఎక్కడున్నామో, ఎటు నడవాలో చూపిస్తుంది. కొండల్లో సిగ్నల్ ఉండదు కదా, అయినా పనిచేస్తుంది. ఒకసారి ఫోనులోకి దించుకుంటే చాలు, ఇక ఎవరితోనూ పనిలేదు. అది సాధించడానికే నా ప్రాణం సగమైంది. బెంగుళూరులో కొండలెక్కే బృందం ఒకటి ఉంది. మన ఉదయగిరి కొండ మీద ఇది బాగుందనిపిస్తే వాళ్ళ కొండలన్నిటికీ నా చేతే చేయిస్తామన్నారు. ఇది కూడా పోతే నాకేమీ చేతకాదని ఒప్పుకోవాలి. ఈ మాట ఇంకెవరికీ చెప్పలేదు.

ఇప్పుడు అసలు సంగతి. పోయిన నెల మీ పల్లె వైపు నుంచే కొండెక్కాను. దారిలో రాళ్ళ కుప్పలు కనబడ్డాయి, ఒకదాని తర్వాత ఒకటి. మూడోదాని దగ్గరికి వెళ్ళేసరికి మబ్బు కమ్మింది, భయమేసి దిగి వచ్చేశాను. ఉపగ్రహం తీసిన ఫొటోలో చూస్తే ఇంకా పైన రెండు తెల్లటి చుక్కలున్నాయి, పక్కపక్కనే. అవీ కుప్పలేనా? నేను కర్ణాటకలో ఎక్కిన కొండల మీద దారి గుర్తుకోసం ఇలాగే రాళ్ళు పేరుస్తారు. వాటిని చూసుకుంటూ పోతే దారి తప్పం. ఇవి మనవాళ్ళు పెట్టినవేనా? నారాయణయ్య మామ పశువుల్ని తోలుకుని రోజూ ఎక్కేవాడు కదా, నీకు తెలిసే ఉంటుంది. వివరంగా రాయి.

నీ మేనకోడలు
సుకుమారి


కొండకింద పల్లె, ఉదయగిరి
24 సెప్టెంబరు

సుకుమారికి అత్త దీవెనలు.

నేను బాగుండాను. ఎనుముకే పొదుగు వాచింది, డాక్టరు వచ్చి సూది వేసి పొయ్యినాడు. నా చెవులు పొయ్యినాయని మీ నాయన ఊరంతా దండోరా వేస్తుండాడా? పోతే పొయ్యినాయిలే. ఈ ఊరోళ్ళ మాటలు వినకపోతే నాకొచ్చిన నష్టం ఏందీ లేదు.

ముందు నాకొకటి చెప్పుమే. కొండ దాకా వచ్చి, మా వాకిటి ముందునించే పొయ్యి, గడప తొక్కకుండా పోతావా? ఎవుర్తో టోపీ పెట్టుకున్న పిల్ల పోతా ఉంటే నేను చూసినా కూడా. అది నువ్వేనని నాకేం తెలుసు! ఉద్యోగం పోతే నువ్వేమన్నా దొంగతనం చేసినావా, మొహం దాచుకునేదానికి? రెండు పూటలా నీకింత ముద్ద పెట్టలేనా నేను? మీ నాయన నిన్ను చిన్నప్పుడే హాస్టల్లో పడేసినాడు. అందుకే నీకు మనవాళ్ళు అంటే ఎవురో, మన ఊరంటే ఏందో తెలీకుండా పొయ్యింది.

కుప్పల సంగతి అడిగినావు. అవి మనవాళ్ళు పెట్టినవే. నీకు తెల్లగా కనబడిన రెండూ కూడా కుప్పలే. వాటికి ఏటేటా నేనే సున్నం కొడతా, మీ మామ పేరు మీద. దోవన పొయ్యే ప్రతి మనిషీ ఆడ ఒక రాయి వేసిపోవాల. అది మన కొండ మర్యాద. వెయ్యకుండా పోతే మంచిది కాదు.

అంతకంటే కాగితం మీద రాయను. కొన్ని మాటలు ఉత్తరంలో రాస్తే అది చేరిన ఇంటికి కీడని మా అమ్మ చెప్పేది. నువ్వు గదిలో ఒంటిగా ఉండే ఆడపిల్లవి. నేను రాయను. నువ్వు రా, నోటితో చెప్తా. పశువుల తోవ కూడా చూపిస్తా, అది వేరే ఉండాది.

ఎనుము అరస్తా ఉన్నట్టుండాది. నాకు వినపడదు గానీ కట్టుకొయ్య కదలతా ఉండాది. పొయ్యి చూస్తా.

మీ అత్త
చెంచులక్ష్మి


ఆత్మకూరు
10 అక్టోబరు

అత్తకు,

కోపం చల్లారిందా? నీ తిట్లు చదివి నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. ఆ టోపీ పిల్లను నేనే. గడప తొక్కితే నువ్వు అన్నం పెట్టి ‘ఏం మే, ఇట్టా అయిపొయ్యినావు’ అంటావని తెలుసు. ఆ మాట పడలేననే తల వంచుకుని వెళ్ళిపోయాను.

ఇప్పుడు కూడా రాలేనత్తా. బెంగుళూరువాళ్ళు వానలు తగ్గేలోపు యాప్ చేతికి కావాలంటున్నారు. రాయడానికి నీకెందుకు మనసు రాలేదో నాకు అర్థమైంది. మామ కొండ మీదే పోయాడని చిన్నప్పుడు విన్నాను. ఆయన నడిచిన దారి గురించి రాయాలంటే నీకు బాధ. ఇక అడగను. నువ్వు రాసినంత చాలు.

నీ మాట ప్రకారమే చేశాను. ఐదు కుప్పలూ యాప్‌లో వరసగా కనబడతాయి, వాటిని కలుపుతూ ఒక ఎర్ర గీత ఉంటుంది. కుప్ప దగ్గరికి చేరగానే ‘ఇక్కడ ఒక రాయి వేయండి’ అని ఫోను మన తెలుగులో చెబుతుంది. వేశాక నొక్కడానికి బొత్తం కూడా పెట్టాను. నాలుగో కుప్పకు ‘నారాయణయ్య గుర్తు’ అని పేరు పెట్టాను. మామ ఆ కొండ మీద అంత చాకిరీ చేశాడు, ఆయన పేరు ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. పరీక్షకు చూసిన వాళ్ళందరికీ ఆ రాళ్ళు వేసే సంగతే తెగ నచ్చింది. ఇలాంటిది ఇంకే కొండకూ లేదన్నారు.

ఎనుము ఎలా ఉంది?

సుకుమారి


కొండకింద పల్లె
8 డిసెంబరు

నా బంగారు తల్లీ,

నీ ఉత్తరం చేరి శానా రోజులైంది. వానకు పెరటి గోడ పడిపొయ్యింది. మనుషుల్ని పిలిచి లేపించేసరికి తీరిక లేకపొయ్యింది. ఎనుము బాగుండాది.

నీ మనుషులు వస్తా ఉండారు సుకుమారీ! ఆదివారం వస్తే చాలు, మా ఇంటి ముందు తిరణాల మాదిరి ఉండాది. రంగురంగుల బూట్లు, వీపున సంచులు. మంచినీళ్ళు కావాలంటే ఫోన్లో రాసి చూపిస్తారు, నేను కుండలో ముంచి పోస్తా. ఒక పిల్ల నా బుగ్గ పట్టుకుని ఫొటో దిగింది. సిగ్గేసింది గానీ దిగినాలే.

ఒక మాట చెప్పాల నీకు. పోయిన వారం ఒక గుంపు పోతా ఉంటే ఊరికే చూస్తా నిలబడినా. వాగు కాడ వొంగి, తలా ఒక రాయి ఏరుకున్నారు. చేతుల్లో పట్టుకుని పైకి పొయ్యినారు. పొద్దు వాలేటప్పుడు మా చేని గట్టు ఎక్కితే మీ మామ కుప్ప తెల్లగా కనబడతది, దాని చుట్టూ నిలబడుండారు అందరూ. ఊరోళ్ళే మర్చిపొయ్యినారే! మన పిల్లలే చెప్పులు కూడా విడవకుండా పోతా ఉండారు. ఎవురో పట్నం బిడ్డలు, మీ మామ మొహం కూడా ఎరగనోళ్ళు, ఆయనకు రాయి వేసి పోతా ఉంటే గట్టు మీద కూలబడి ఏడ్చినా. దుఃఖంతో కాదే. వాళ్ళకు అంతా విడమరిచి చెప్పి పంపిస్తుండావని, మీ మామ పేరు కూడా పెట్టినావని. నిన్ను హాస్టల్లో వేసినా మనదానివేననుకున్నా.

అయితే ఒకటి. రాయి వేసినాక వెనక్కి మళ్ళాలని వాళ్ళకు చెప్పినావు గదా? మొన్న ఇద్దరు దిగి వచ్చి, ఇంకా ముందుకు దోవ యాడుండాది ఆంటీ అని ఫోన్లో రాసి చూపించినారు. ఆడినించి ముందుకు ఏముండాది, వాళ్ళెందుకు అడిగినారో నాకు తెలీలే. వెంటనే జవాబు రాయి.

మీ అత్త


ఆత్మకూరు
19 డిసెంబరు

అత్తా,

నీ ఉత్తరం చదివి కింద జిరాక్సు షాపులోని రమణమ్మకు కూడా వినిపించాను. ఆవిడా కళ్ళు తుడుచుకుంది. ఈ ఏడాదిలో నేను చేసిన మంచి పని ఇదొక్కటేనేమో.

పనిమీద పని వచ్చిపడుతోంది. బెంగుళూరువాళ్ళు సంతోషంగా ఉన్నారు, ఒక్కమాటలో చెప్పాలంటే నాకు మళ్ళీ ఉద్యోగం వచ్చినట్టే. వచ్చే నెల తప్పకుండా వస్తాను, ఈసారి గడప తొక్కుతాను, ఎంత తిట్టాలనుంటే అంత తిట్టు.

నువ్వడిగినదానికి జవాబు: వెనక్కి మళ్ళాల్సిన పనే లేదత్తా. నాలుగో కుప్ప నుంచి ఐదోదానికి వెళ్ళి, అక్కడినుంచి అవతలి పక్కగా దిగిపోవచ్చు. ఆ రెండింటి మధ్య పెద్ద దూరం లేదు, పైనుంచి తీసిన ఫొటోలో దాదాపు ఆనుకునే ఉన్నాయి. అక్కడ దారి కనబడటం లేదని ఒకరిద్దరు నాకూ రాశారు. వానలకు పొదలు పెరిగి ఉంటాయి, కాస్త పక్కకు తప్పించి చూసుకోమన్నాను.

చలికి చెవులకు గుడ్డ కట్టుకో.

సుకుమారి


కొండకింద పల్లె
23 డిసెంబరు

సుకుమారీ,

నీ ఉత్తరం ఈ పొద్దు చేరింది. మొన్న చేరుంటే!

నిన్న ఆదివారం ఒక పిల్ల పొయ్యింది. పేరు రజిత. వరికుంటపాడు కాడ పల్లెటూరు. నర్సు చదువు చదివి, నెల్లూరులో పనిలో చేరి ఇంకా ఏడాది కాలేదంట. స్నేహితురాళ్ళు ఇద్దరితో వచ్చింది. తుంపర పడతా ఉండాది. మా ఇంటి కాడ నీళ్ళు తాగింది. నా కుండ మీద మూత సరిగ్గా పెట్టి పొయ్యింది. అంత పద్ధతి గల పిల్ల.

మీ మామ కుప్పకు రాయి వేసినారంట. ఫోను ‘నేరుగా పొండి’ అనిందంట. పొదలు అడ్డం ఉండాయని ఇద్దరు నిలబడిపొయ్యినారు. రజిత కొమ్మలు పక్కకు తోసుకుని దోవ చూసొస్తానని పొయ్యింది. ఊళ్ళో మగోళ్ళు తాళ్ళు వేసుకుని దిగి పైకి తెచ్చినారు.

ఇప్పుడు రాస్తా విను. ఏ కీడొస్తుందని రాయకుండా ఉన్నానో ఆ కీడు వచ్చేసింది, ఇంక నాకేం భయం. మన కొండ మీద రాళ్ళ కుప్ప దోవ గుర్తు కాదు. అకాలంగా పొయ్యినోళ్ళ చోటు. ఆడ నిలబడి, ఒక రాయి వేసి, దణ్ణం పెట్టి, ‘ఇటు పోకూడదు’ అని తెలుసుకుని వెనక్కి మళ్ళాల. కింద మూడూ అట్టాంటివే. గొడ్ల కాపరి ఒకడు, కట్టెలకు పొయ్యిన ఆడమనుషులు ఇద్దరు. పైనుండే రెండూ మీ మామవి. దూడ పొయ్యిందని వెతుక్కుంటా పొయ్యి జారినాడు. జారిన చోట ఒకటి పెట్టినారు. మర్నాడు దొరికిన చోట ఒకటి పెట్టినారు. దానికి చుట్టూ తిరిగి కింద నించి పొయ్యి సున్నం కొడతా నేను.

పైనించి చూస్తే ఆనుకునే ఉంటాయా? ఉంటాయి. ఆయన నిలువునా పడినాడు గదే తల్లీ! ఆ రెండు కుప్పల నడుమ దోవ లేదు. గాలే ఉండాది. నువ్వు దాని మీద గీత గీసినావు. ఎర్ర గీత అని రాసినావు, నేను చదివినా. దేవుడి పటం చుట్టూ పెట్టినట్టు అలంకారానికనుకున్నా.

చదివి చించెయ్యి. ఇంట్లో పెట్టుకోబాక.

చెంచులక్ష్మి


ఆత్మకూరు
30 డిసెంబరు

అత్తా,

చించలేదు. చించితే ఏం పోతుంది.

పత్రికలో రజిత ఫొటో వేశారు. జడ ముందుకు వేసుకుని నవ్వుతోంది. పోలీసుల దగ్గరికి వెళ్ళాను. ఆ గీత నేనే గీశాను, ఆ చోటికి నేను వెళ్ళనే లేదు, ఫొటో చూసి గీశాను అని చెప్పాను. అక్కడున్నాయన అంతా విని, ‘మీరు కొండ మీద లేరు కదమ్మా, జారిపడింది ఆ అమ్మాయి కదా’ అన్నాడు. ప్రమాదం అని రాసుకున్నారు. మంచినీళ్ళిచ్చి పంపేశారు. బెంగుళూరువాళ్ళు విచారం తెలిపారు, ఆ తర్వాత నా ఫోను ఎత్తడం మానేశారు. నన్ను ఎవరూ ఏమీ అనటం లేదు. ఎవరైనా రెండు చెంపలూ వాయిస్తే బాగుండు.

కొండతోడును ఆ రోజే తీసేశాను. ఇక కొత్తగా ఎవరికీ దొరకదు. కానీ ఇప్పటికే దించుకున్నవాళ్ళ ఫోనుల్లో అది అలాగే ఉంటుందత్తా. సిగ్నల్ లేకపోయినా, నేను లేకపోయినా పనిచేయాలని అలా తయారుచేశాను. ఇప్పుడు నా మాట దానికి చేరదు. ఎక్కడో ఎవరి జేబులోనో ఉండి ‘నేరుగా పొండి’ అంటూనే ఉంటుంది. తెలిసినవాళ్ళందరికీ రాశాను, తీసేయమని బతిమాలాను. కొందరు తీసేశామన్నారు. చాలామంది చదవనే లేదు.

మూడో కుప్ప దగ్గర మబ్బు కమ్మిందని దిగివచ్చాను చూడు, ఆ రోజు ఇంకాస్త ఎక్కి ఉంటే నా కళ్ళతో చూసేదాన్ని. నువ్వు రమ్మన్నప్పుడు వచ్చినా తెలిసేది. రెండు గంటల బస్సు ప్రయాణం. నా కిటికీలోంచి ఆ బస్సు రోజూ కనబడుతుంది.

రజిత వాళ్ళమ్మ ఎలా ఉంది? నా పేరు ఆమెకు తెలుసా?

సుకుమారి


కొండకింద పల్లె
20 జనవరి 2025

సుకుమారికి,

రజిత వాళ్ళమ్మ పేరు ఓబమ్మ. మొగుడు లేడు. నీ పేరు ఆమెకు నేను చెప్పలా. చెప్పేదానికి నాకు నోరు రాలా. ఆమె అడగనూ లేదు. ఆమెకు చదువు రాదు, నాకు చెవి లేదు. చేతులతోనే మాట్లాడుకుంటాం.

కర్మలు అయినాక మా ఇంటికి వచ్చింది. కొంగున ఒక రాయి కట్టుకొచ్చింది. వాళ్ళింటి పెరట్లో గుడ్డలుతికే బండ పక్కన ఉండేదంట. బిడ్డ చిన్నప్పుడు దాని మీద కూర్చోబెట్టి తల దువ్వేదాన్నని చేత్తో చూపించింది. ఇద్దరమూ పశువుల తోవన పైకి పొయ్యినాము, మీ మామ కుప్పకు రొంత ఎడంగా రజితకు పెట్టినాము. తర్వాత ఊరోళ్ళు కింద ఆ పిల్ల దొరికిన చోటా ఒకటి పెట్టినారు. ఇప్పుడు వారం వారం వస్తుండాది. కొండకు మొహం పెట్టి మా అరుగు మీద కూర్చుంటాది. అన్నం పెడితే తింటాది, పెట్టకపోతే అడగదు.

ఇంకో సంగతి చెప్తా, గుండె దిటవు చేసుకో. జనం తగ్గలా. ఎక్కువైనారు. ఆ పిల్ల పొయ్యిన చోటు చూడాలని వస్తుండారు. తలా ఒక రాయి తెచ్చి వేస్తుండారు పాపం, జాలితోనే. రజిత కుప్ప మీ మామదానికంటే ఎత్తైపొయ్యింది. చేను కాడికి కూడా కనబడతది. కొత్తగా వచ్చేటోళ్ళు అది చూసుకునే సూటిగా పోతుండారు, అంచు దాకా. పంచాయతీవాళ్ళు బోర్డు పెట్టినారు. బోర్డు పక్కన నిలబడి ఫొటోలు దిగతా ఉండారు.

నేను కట్టె పట్టుకుని దోవకు అడ్డం కూర్చుంటుండా. వాళ్ళేదో చెప్తారు, నాకు వినపడదు. నేను అరస్తా. పిచ్చిదనుకుని బిస్కెట్టు పొట్లం చేతిలో పెట్టి పక్కనించి పోతుండారు.

చెంచులక్ష్మి


ఆత్మకూరు
29 జనవరి

అత్తకు,

ఇది రాయడానికి చేతులు రావటం లేదు. మూడుసార్లు రాసి చింపాను.

నా గీతను నేను చెరపలేను. కాని ఆ గీతను నమ్మేవాళ్ళు అక్కడికి చేరాక చూసేది ఫోను కాదు, కుప్ప. కుప్ప కనబడితే సరైన చోటే ఉన్నామనుకుంటారు. కుప్ప లేకపోతే అనుమానం వచ్చి ఆగుతారు. కుప్పలు తీసేయించత్తా. అన్నీ. మామవి కూడా. ఇంకెవరూ పోకుండా ఉండాలంటే నాకు ఇంకో మార్గం తోచటం లేదు.

సుకుమారి


కొండకింద పల్లె
6 ఫిబ్రవరి

ఎంత మాట రాసినావే!

నీ ఫోన్లో గీత చెరపలేక నా మొగుడి రాళ్ళు చెరపమంటావా? ఆయనకు సమాధి లేదు, పటం లేదు. పెళ్ళినాటి ఫొటో చెదలు తినింది. ఈ భూమ్మీద ఆయనకుండేది ఆ రాళ్ళే. నేను పెళ్ళై వచ్చినప్పుడు కొండంటే భయమని ఏడిస్తే చెయ్యి పట్టుకుని ఎక్కించిన మనిషి. ఆయన పొయ్యినాక నా ఈడు ఆడది ఇంకొకతి అయితే కొండ వైపు తలకాయ కూడా తిప్పదు. నేను ఏటేటా సున్నం బకెట్టు నెత్తిన పెట్టుకుని ఎక్కినా. ఆ సున్నమే నీకు పైనించి తెల్లగా కనబడింది! నేను కొట్టకుండా ఉంటే నీకు కనబడేదే కాదు. ఈ మాట తలుచుకుని తలుచుకుని చస్తుండా నేను. నువ్వింకా తీసెయ్యమంటావా?

ఓబమ్మతో ఏమని చెప్పేది? నీ బిడ్డ రాళ్ళు పారేస్తాను, జరుగు అనా?

నాకు ఉత్తరం రాయబాక.


ఆత్మకూరు
18 ఫిబ్రవరి

అత్తా,

రాయవద్దన్నావు. ఇదొక్కటి చదివి పొయ్యిలో పెట్టు.

అలా అడిగే హక్కు నాకు లేదు. తప్పే. ఇక ఏమీ అడగను.

కావలిలో ఎవరో నా యాప్‌లోని కొండ బొమ్మను నకలు తీసి, ఉదయగిరి కొండదారి అని ఇంకో పేరుతో ఫోనుల్లో పంచుతున్నారట. నా పేరు దాని మీద లేదు. ఆపమని ఎవరికి చెప్పాలో కూడా తెలియదు. కంప్యూటరు తెరవటం మానేశాను. కింద షాపులో రమణమ్మకు జిరాక్సులు తీసిపెడుతున్నాను. ఆధార్ కార్డులు, పాసు పుస్తకాలు. కాగితం పెడితే అదే కాగితం వస్తుంది, నేను ఆలోచించాల్సిందేమీ ఉండదు. అన్నం తింటున్నాను. నిద్ర మాత్రం రావటం లేదు. కళ్ళు మూస్తే ఆ అమ్మాయి కొమ్మలు పక్కకు తోస్తున్నట్టు ఉంటుంది. ఆగమని అరుస్తాను. వినపడదు.

నీకు నమస్కారం చేయడానికి కూడా సిగ్గుగా ఉంది.

సుకుమారి


కొండకింద పల్లె
9 మార్చి

సుకుమారికి,

పోయిన ఆదివారం ఇంకొక పిల్లోడు జారినాడు. బతికినాడు. అంచు కిందుండే పొద పట్టుకుని వేలాడతా ఉంటే పైకి లాగినారు, కాలు విరిగింది. మంచం మీద మోసుకుని మా వాకిట్లో దించినారు. జేబుల నిండా రాళ్ళే వానికి. రజితకు వేద్దామని వాగులో ఏరుకున్నాడంట. వాడి తల నా ఒళ్ళో పెట్టుకుని అంబులెన్సు వచ్చిందాకా కూర్చున్నా. వాడేదో చెప్తానే ఉండాడు. నాకు ఒక్క ముక్క తెలీలే. అమ్మను పిలస్తా ఉన్నాడనుకుంటా.

ఆ రోజే మనసు రాయి చేసుకున్నా. ఓబమ్మ వచ్చింది. కొండను చూపించినా, కుప్పను చూపించినా, చేత్తో తోసేసినట్టు చూపించినా. ఆమెకు తెలిసింది. నన్ను కొట్టింది సుకుమారీ. వీపు మీద, భుజాల మీద, ఆమెకు చెయ్యి నొప్పి పుట్టిందాకా కొట్టింది. కొట్టనిచ్చినా. అట్టనే లేచి బస్సెక్కి పొయ్యింది. ఇంక రాదనుకున్నా. రెండు రోజులకు తట్ట చంకన పెట్టుకుని వచ్చింది.

ఇద్దరమూ రజిత కుప్ప తీసినాము. వాళ్ళ పెరటి రాయి ఏదోనని ఆమె ఒక్కొక్కటే తిప్పి తిప్పి చూసింది. దొరకలా. అంతమంది వేసినాక అన్నీ ఒకే మాదిరి ఉండాయి. చివరికి ఏదో ఒకటి కొంగున కట్టుకుని పొయ్యింది. కింద పెట్టింది ఊరి మగోళ్ళు తీసినారు. దోవలో మూడూ తీసినారు. కొందరు ఒప్పుకోలా, నన్ను తిట్టినారు. వినపడలా గానీ నోళ్ళు చూస్తే తెలిసింది. మీ మామ దొరికిన చోటుది నేనే తీసినా. రెండు రోజులు పట్టింది. చేతులు పగిలినాయి.

ఇంక పైది ఒకటే ఉండాది. ఆయన నిలబడిన చివరి చోటు. పొయ్యినా, దాని పక్కన కూర్చున్నా, వచ్చేసినా. మళ్ళీ పొయ్యినా. చెయ్యి పోవడం లేదు. ఊరోళ్ళ చేత తీయించేదానికి మనసు ఒప్పడం లేదు. వాళ్ళు తీస్తే అవి ఉత్త రాళ్ళు.

నువ్వు రా. నిన్ను క్షమించినానని కాదు. నేను రాయలేదు, నువ్వు రాలేదు. ఎవురిది ఎక్కువో తేల్చేవాళ్ళు ఎవురూ లేరు. ఆదివారం లోపల రా. పశువుల తోవన ఇద్దరమూ పోదాం. నేను పక్కన కూర్చుని ఏ రాయి ఎవురు వేసినారో చెప్తా, నాకు శానా గుర్తుండాయి. మీ అవ్వ వేసింది ఉండాది. మీ నాయన వేసింది ఉండాది, ఏడస్తా వేసినాడు. మొదట నేను పెట్టింది అడుగున ఉండాది. నువ్వు వినాల. విని, కింద ఎవురూ లేరని చూసుకుని, ఒక్కొక్కటే తీసి వెయ్యి.

నువ్వేం చెప్పినా నాకు వినపడదు. చెప్పబాక.

చెంచులక్ష్మి